గోడౌన్‌లో దుమ్ము ఎక్కడిది?

పిల్లలూ,

ఫోర్క్‌లిఫ్ట్‌లు, అంటే సరుకు ఎత్తి మోసే బండ్లు, తిరిగే గోడౌన్‌లో పొద్దున తుడిచిన ర్యాకు సాయంత్రానికి మళ్లీ మసకబారుతుంది. దుమ్ము నల్లగా ఉంటే టైర్లదేనని తేల్చేస్తారు. నాకు ఆ తొందర నచ్చదు. డీజిల్ మసి కూడా నలుపే. నేలకు మరకలు అంటకుండా వాడే టైర్ల పొడి లేత రంగులో ఉంటుంది.

మాస్కు పెట్టుకుని చూడండి. భూతద్దంలో పీచులా కనబడితే అట్టపెట్టెలదో, సరుకు కింద పెట్టే చెక్క ప్యాలెట్లదో అయి ఉంటుంది. అయస్కాంతానికి అంటితే ఇనుప రజను, బహుశా బ్రేకులది. బూడిదరంగులో గరగరలాడితే ఒక చుక్క వెనిగర్ వేయండి. నురగ వస్తే అందులో సున్నపు పదార్థం ఉన్నట్టు. అది కాంక్రీటు నేలది కావచ్చు, షట్టర్ లోంచి వచ్చిన మట్టిదీ కావచ్చు.

నేలను చాలామంది అనుమానించరు. కాంక్రీటులో నీళ్లు ఎక్కువైనా, క్యూరింగ్ (కొత్త కాంక్రీటును తడిగా ఉంచి గట్టిపడనివ్వడం) సరిగ్గా జరగకపోయినా పైపొర బలహీనంగా ఉండిపోతుంది. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో మలుపు తిరుగుతుంది. బండి కదలకుండా స్టీరింగ్ తిప్పితే ఆ చక్రాలు ఉన్నచోటే నేలను రుద్దుతాయి. టన్నుల బరువు కింద టైరూ అరుగుతుంది, నేలా అరుగుతుంది.

అందుకే దుమ్ము ఏమిటో తెలిస్తే చాలదు, ఎక్కడ ఎక్కువ పడుతోందో కూడా తెలియాలి. శుభ్రమైన పళ్లేలు మలుపుల దగ్గర, షట్టర్ దగ్గర, నేల అతుకుల పక్కన, బండ్లు రాని మూలలో ఒకే సమయంలో పెట్టి పోల్చండి. బండ్లు ఆగిన సెలవురోజునా అంతే పడితే వాటిని వదిలేసి బయటిగాలిని, పైకప్పును చూడాలి.

పై ర్యాకు మీది దుమ్మును బట్టి మాత్రం అది పుట్టిన చోటు తేల్చకండి. నిశ్చలమైన గాలిలో 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) రేణువు సెకనుకు సుమారు 3 మిల్లీమీటర్లే దిగుతుంది. 9 మీటర్ల ఎత్తు నుంచి నేలకు చేరడానికి 50 నిమిషాలు. 1 మైక్రాన్ రేణువుకైతే రోజులు పడుతుంది. ఈలోగా అది గాలితోపాటు గోడౌన్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేస్తుంది. గరుకు పొడి పుట్టినచోటి దగ్గరే పడుతుంది కాబట్టి, చోటు కనిపెట్టడానికి దాన్నే వెతకాలి.

పొడిచీపురుతో ఊడ్వకండి, గాలిపైపుతో ఊదకండి. కాంక్రీటు దుమ్ములోని సన్నని సిలికా ఏళ్లతరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు సిలికోసిస్ అనే జబ్బు రావచ్చు. సన్నదుమ్మును ఆపే ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ గానీ తడిగుడ్డ గానీ వాడాలి. నేలే కారణమని తేలితే సోడియం సిలికేట్ ద్రావణం పట్టిస్తారు. అది కాంక్రీటులోని సున్నంతో కలిసి పైపొరను గట్టిపరుస్తుంది. పొర పూర్తిగా పాడైతే దాన్ని చెక్కి కొత్తది వేయాల్సిందే.

ప్రేమతో,
మీ తాతయ్య