బహుళ లక్ష్యాల సామూహిక నిర్ణయాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏ లక్ష్యం ఎంత ముఖ్యమో సభ్యులను అడిగి వెయిటేజీలు వేసేస్తే సగం పని పూర్తయినట్టే.

వాస్తవం: నేను నిర్వహించిన సమావేశాల్లో అన్నిటికంటే తరచుగా ఎదురైన పొరపాటు ఇదే. శ్రీశైలం జలాశయాన్నే తీసుకుంటే సాగునీరు, తాగునీరు, జలవిద్యుత్తు, వరదకు చోటు మిగల్చడం అనే నాలుగు అవసరాలూ ఒకే నీటి కోసం పోటీ పడతాయి. 2009 అక్టోబరులో కర్నూలు మునగడం చూసినవారిని ఏది ముఖ్యమని అడిగితే వరద రక్షణే అంటారు. అందులో తప్పు లేదు. అయితే జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు కాగా, చర్చకు వచ్చిన ప్రతిపాదనలన్నీ సెప్టెంబరు నెలాఖరుకు 884, 885 అడుగుల మధ్యే నీరు నిలిపేవి అనుకుందాం. అంతటి వరద ముందు ఒక్క అడుగు చోటు కొన్ని గంటలు కూడా ఆగదు. కానీ ప్రతి లక్ష్యంలోనూ అధమ ప్రతిపాదనకు 0, ఉత్తమ ప్రతిపాదనకు 100 మార్కులు వేసే పద్ధతిలో ఆ అడుగు తేడాయే నూరు మార్కులై, పెద్ద వెయిటేజీ తోడై, సాగునీటిలోని అసలు తేడాలను మింగేస్తుంది. ప్రతిపాదనలు 870 నుంచి 885 అడుగుల దాకా విస్తరించి ఉంటే అదే వెయిటేజీ సబబే కావచ్చు. అందుకే నేను ముందు ప్రతి లక్ష్యంలో అధమ, ఉత్తమ ప్రతిపాదనలు ఏవో తెలిపే పట్టిక చూపించి, 'అన్నీ అధమ స్థితిలో ఉంటే, వీటిలో దేన్ని ముందుగా ఉత్తమ స్థితికి మారుస్తారు?' అని అడుగుతాను.

అపోహ: అందరి వెయిటేజీల సగటే ఏకాభిప్రాయం.

వాస్తవం: సభ్యుల్లో సగం మంది విద్యుత్తుకు 80, సాగుకు 20 ఇచ్చి, మిగిలిన సగం అందుకు తలకిందులుగా ఇస్తే, సగటున వచ్చే 50-50 ఒక్కరి అభిప్రాయమూ కాదు. అక్కడ లెక్క ఆపి, ఆ తేడా ఎందుకొచ్చిందో మాట్లాడించాలి. ఓటింగు పెట్టినా చిక్కు తీరదు: ముగ్గురు సభ్యులు, మూడు ప్రత్యామ్నాయాలు ఉన్నా మెజారిటీ అభిప్రాయం గుండ్రంగా తిరగవచ్చని, అంటే మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్ని ఓడించవచ్చని ఫ్రెంచ్ గణితవేత్త కాండోర్సె 1785లోనే చూపించాడు.

అపోహ: పోలికల్లో పొంతన కుదిరితే ఫలితం సరైనదే.

వాస్తవం: థామస్ సాటీ రూపొందించిన ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) అనే నిర్ణయ పద్ధతిలో లక్ష్యాలను రెండేసి చొప్పున 1 నుంచి 9 వరకు ఉన్న కొలతపై పోలుస్తారు, ఆ పోలికలు ఒకదానితో ఒకటి ఎంత విభేదిస్తున్నాయో చెప్పే పొంతన నిష్పత్తి 0.1 దాటకపోతే చాలంటారు. అది సభ్యులు తమ మాటను తామే ఖండించుకోలేదని మాత్రమే చెబుతుంది; పొరపాటును సైతం పొంతనగా చెప్పవచ్చు. పైగా ఎనిమిది లక్ష్యాలుంటే 28 పోలికలు కావాలి, చివరి పదింటికి వచ్చేసరికి చాలామంది 3 అనో 5 అనో రాసేసి టీ కోసం చూస్తుంటారు. ఐదు లక్ష్యాలైతే పదే పోలికలు.