అటక మీద కరిగే ఐసు

డాలస్ దగ్గర ఇల్లు కొనుక్కున్న పాఠకుడొకరు అడిగారు: "పాత ఏసీ తీసేసి ఇన్వర్టర్ హీట్ పంప్ (అవసరాన్ని బట్టి వేగం మార్చుకుంటూ, ఎండాకాలం చల్లగాలి, చలికాలం వేడిగాలి ఇచ్చే మిషన్) పెట్టించాం. బిల్లు అనుకున్నంత తగ్గలేదు, చివరి గది చల్లబడట్లేదు. మిషన్‌లో లోపమా?"

ముందు అటక, అంటే ఇంటి పైకప్పుకూ సీలింగ్‌కూ మధ్య ఉండే ఖాళీ, ఎక్కి చూడాలి. టెక్సస్ ఇళ్లలో చల్లగాలి గొట్టాలు చాలావరకు అక్కడే ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ అటక 55 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం మామూలే. గొట్టంలో గాలేమో 13 డిగ్రీలు. ఇంట్లో అన్నిటికన్నా చల్లని గాలిని అన్నిటికన్నా వేడిచోట తిప్పుతున్నామన్నమాట!

సోడా కొట్టులో ఐసుగడ్డను ఊకలో పాతి పైన గోనె కప్పడం చూసే ఉంటారు. ఊకకు చలవ గుణం ఉందంటారు. లేదు. అదే ఊకలో వేడి గిన్నె పెడితే అది గంటల తరబడి వేడిగానే ఉంటుంది. ఈ రెండు ప్రయోగాలూ ఐదో తరగతిలో పక్కపక్కనే చేయించాలి, పిల్లలు జన్మలో మరచిపోరు. పనిచేసేది ఊక మధ్య చిక్కుకుని కదలలేని గాలి. గొట్టం చుట్టూ ఉండే గాజు పీచు చేసేదీ అదే. అందుకే దాన్ని పట్టీతో బిగించి నలిపేసిన చోటల్లా వేడి లోపలికి దూరుతుంది.

ఇప్పుడు లెక్క. ఏసీని టన్నుల్లో కొలవడమే ఐసు నుంచి వచ్చింది: రోజుకు ఒక అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల ఐసు కరిగితే వచ్చేంత చల్లదనం. 3 టన్నుల మిషన్ గంటకు సుమారు 113 కిలోల ఐసుతో సమానం. గొట్టాల పైవైశాల్యం 30 చదరపు మీటర్లు, వాటి మీది పీచు తొడుగు ఆర్-8 అనుకుందాం (తొడుగు వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పేది ఆర్ అంకె; పెద్దదైతే మేలు). తేడా 42 డిగ్రీలు, ఆర్-8 అంటే మెట్రిక్‌లో 1.41. 30ని 42తో గుణించి 1.41తో భాగిస్తే దాదాపు 900 వాట్లు. గంటకు పది కిలోల ఐసు దారిలోనే కరిగిపోతోంది. పాత ఆర్-4.2 తొడుగైతే పద్దెనిమిది కిలోలు.

నన్ను బాగా ఆకట్టుకున్న మెలిక ఇక్కడుంది. ఇన్వర్టర్ మిషన్ పొదుపంతా నెమ్మదిగా, ఎక్కువసేపు నడవడంలో ఉంది. 40 శాతం వేగంలో అది పంపేది గంటకు 45 కిలోలే. అటక తినేది మాత్రం ఇంచుమించు అదే పది కిలోలు! ఎండలో ఐసు పట్టుకుని పరుగెత్తేవాడి కన్నా చిన్న ముక్కతో నింపాదిగా నడిచేవాడికే ఎక్కువ నష్టం. ఆర్-8 తొడుగున్నా, 13 డిగ్రీల దగ్గర బయల్దేరిన గాలి పూర్తి వేగంలో 14.3 దగ్గర, నెమ్మది వేగంలో 16 దగ్గర గదికి చేరుతుంది. ఆర్-4.2 అయితే దాదాపు 19. పొడవాటి గొట్టం చివరున్న గదికి ఇంకా అన్యాయం.

తొడుగు మార్చే ముందు అతుకుల్లో గాలి కారే సందులు మాస్టిక్‌తో (గొట్టాల అతుకులకు పూసే చిక్కటి జిగురు) పూడ్చండి. పై పొర చిరిగి ఉంటే అదీ అతికించండి. లేకపోతే తేమగాలి లోపలికి చేరి, చల్లని గొట్టం మీద నీరై, పీచును తడిపేస్తుంది. తడిసిన పీచు వేడిని ఆపలేదు.

మండే మధ్యాహ్నం, మిషన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, దానికి దగ్గరగా గదిలోకి చల్లగాలి వచ్చే జాలీ వద్దా చివరి గది జాలీ వద్దా థర్మామీటర్ పెట్టండి. ఆ రెండు అంకెలూ, గొట్టం తొడుగు మీద అచ్చువేసిన ఆర్ అంకె నాకు రాసి పంపండి.