ఓర్పు పేరిట మోస్తున్న అనవసర బరువులు: విశ్వాసం గురించిన అపోహలు - వాస్తవాలు

విశ్వాసంలో వెనకబడిపోయేవారిలో చాలామంది దేవుణ్ణి వద్దనుకున్నవారు కారు. ఆయన ఎన్నడూ ఇవ్వని మాటను ఇచ్చాడనుకుని, అది నెరవేరక కుంగిపోయినవారు. ఆ తప్పుడు ఆశలు పుట్టేది సంఘంలో మంచి మనసుతో చెప్పుకునే మాటల నుంచే. అలాంటి కొన్నిటిని ఇక్కడ పరిశీలిద్దాం. బైబిలు పక్కన పెట్టుకుని చదవండి. ఇచ్చిన వచనంతో ఆగకుండా దానికి ముందు పది, వెనక పది చూడండి. సగం అపోహలు అక్కడే తేలిపోతాయి.

అపోహ: నిజమైన విశ్వాసికి సందేహం రాదు

యేసు ఎవరో జనానికి చూపించినవాడే బాప్తిస్మమిచ్చు యోహాను. చెరసాలలో పడ్డాక తన శిష్యుల్ని పంపి "రాబోవువాడవు నీవేనా" అని అడిగించిందీ ఆయనే (మత్తయి 11:3). యేసు ఆయన్ని గద్దించలేదు. గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు, వెళ్లి చూసింది చెప్పండి అన్నాడు. వాళ్లు వెళ్లాక జనంతో యోహాను గొప్పతనం గురించి మాట్లాడాడు. పునరుత్థానం తర్వాత గలిలయ కొండ మీద కూడా కొందరు సందేహించారు (మత్తయి 28:17). వెంటనే వచ్చే మాట "మీరు వెళ్లండి" అన్న ఆజ్ఞ. సందేహించినవాళ్లు ఇక్కడే ఆగిపోండి అని అందులో లేదు.

సందేహించేవాడు సముద్ర తరంగం లాంటివాడని యాకోబు పత్రిక చెప్పలేదా (1:6-8) అని అడుగుతారు. చెప్పింది. ఆ "ద్విమనస్కులు" ఎవరో 4వ అధ్యాయంలో తేటగా కనిపిస్తుంది: దేవుడూ కావాలి, లోకమూ కావాలి అని రెండు పక్కలా కాలు పెట్టినవారు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" (మార్కు 9:24) అని ఏడ్చిన తండ్రి ఆ కోవలోకి రాడు.

సందేహం వస్తే దాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "దేవుడు ఉన్నాడా?" అన్నది ఒక ప్రశ్న, "ఆయన నన్ను పట్టించుకుంటున్నాడా?" అన్నది ఇంకొకటి, "నాకు నేర్పిన ఈ బోధ సరైనదేనా?" అన్నది మరొకటి. మొదటిదానికి, మూడోదానికి చదువు, చర్చ పనికొస్తాయి. రెండోదాని అడుగున సాధారణంగా దుఃఖం ఉంటుంది. దుఃఖంలో ఉన్నవారి ముందు వాదనలు పరవడం సంఘ కాపరులమైన మా వృత్తిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు.

అపోహ: విశ్వాసం సరిపడా ఉంటే స్వస్థత తప్పకుండా వస్తుంది, రాలేదంటే విశ్వాసం చాలలేదు

ఎక్కువ హాని చేసే మాట ఇదే. దీనికి అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం చాలు. హేరోదు రాజు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. తర్వాత పేతురును పట్టుకుని, నలుగురేసి చొప్పున నాలుగు జట్ల సైనికుల కాపలాలో పెట్టాడు. దేవదూత వచ్చి పేతురును విడిపించాడు. సంఘం ఆసక్తితో ప్రార్థిస్తూనే ఉంది. తీరా పేతురు వచ్చి తలుపు తడితే, ఆ కబురు చెప్పిన రొదే అనే పనిపిల్లను "నీకు పిచ్చి" అన్నారు. పేతురు బయటపడటానికి కారణం ఆ ఇంట్లోవారి విశ్వాసపు కొలత అయితే, ఆయన బయటపడి ఉండేవాడే కాదు. యాకోబు చావుకు ఎవరి విశ్వాసం తగ్గిందో ఈ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు. ఎందుకంటే ఆ లెక్క ఆయన మనసులోనే లేదు.

హెబ్రీయులకు 11వ అధ్యాయాన్ని సింహాల నోళ్లు మూయించిన దగ్గర ఆపేసే ప్రసంగాలు ఎన్నో. 35వ వచనం మధ్యలో అది మలుపు తిరుగుతుంది: కొందరు యాతన పెట్టబడ్డారు, రాళ్లతో కొట్టబడ్డారు, రంపాలతో కోయబడ్డారు. గెలిచినవారికీ చచ్చిపోయినవారికీ కలిపి 39వ వచనం ఒకే సాక్ష్యం ఇస్తుంది: వీరందరూ విశ్వాసం వల్ల సాక్ష్యం పొందినవారే.

పౌలు జట్టునే తీసుకోండి. తిమోతికి తరచూ వచ్చే జబ్బులు, కడుపు బాధ (1 తిమోతికి 5:23). త్రోఫిమును రోగంతోనే మిలేతులో విడిచిపెట్టాల్సి వచ్చింది (2 తిమోతికి 4:20). ఎపఫ్రొదితు చావు అంచు దాకా వెళ్లాడు (ఫిలిప్పీయులకు 2:27). తన శరీరంలో ముల్లు అని పిలుచుకున్న బాధను తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు (2 కొరింథీయులకు 12:7-9).

నజరేతులో అవిశ్వాసం వల్ల యేసు అద్భుతాలు చేయలేదు కదా (మార్కు 6:5-6) అనేది న్యాయమైన ప్రశ్న. అక్కడ ఉన్నది ఆయన్ని తోసిపుచ్చిన ఊరు. సాయం కోరి వచ్చి, విశ్వాసం చాలక వెనక్కి పంపబడిన రోగి ఆ కథలో లేడు. అక్కడ కూడా కొద్దిమంది రోగులు బాగుపడ్డారు. పక్షవాత రోగి విషయంలో ఆయన చూసింది మోసుకొచ్చినవారి విశ్వాసాన్ని. చనిపోయిన లాజరు దగ్గర ఏ కొలత విశ్వాసం దొరుకుతుంది?

కాబట్టి "విశ్వాసం చూపించడానికి" మందులు మానమని ఎవరికీ చెప్పకండి, ఎవరు చెప్పినా వినకండి. ఇన్సులిన్ ఆధారంగా బతికేవారు దాన్ని ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మందులు ఒక్కసారిగా ఆపితే ఆగని ఫిట్స్ రావచ్చు. మానసిక రోగాల మందులకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. మందు తగ్గించాలా, మానాలా అన్నది దాన్ని రాసిన డాక్టరు తేల్చాల్సిన విషయం. ఉపవాసం కూడా అంతే: షుగరు మందులు వాడేవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

సాక్ష్యాలు చెప్పించే కాపరులకు ఒక సూచన. బాగుపడినవారితో మాత్రమే మాట్లాడిస్తే, బాగుపడని రోగి ఇంటికి వెళ్లేటప్పుడు ఏ పాఠం నేర్చుకుని వెళ్తాడో ఆలోచించండి. జబ్బు తగ్గకపోయినా ప్రార్థన మానని మనిషికీ మైకు ఇవ్వండి.

అపోహ: మోయలేని బరువు దేవుడు ఎవరికీ ఇవ్వడు

1 కొరింథీయులకు 10:13 నుంచి తీసిన మాట ఇది. అక్కడి విషయం శోధన. విగ్రహారాధన, వ్యభిచారం గురించి మాట్లాడుతూ, పాపం నుంచి తప్పించుకునే దారి ఉంటుందని పౌలు చెబుతున్నాడు. కష్టాల మోతాదు గురించి కాదు. కష్టాల గురించి ఆయన సొంత మాట 2 కొరింథీయులకు 1:8లో ఉంది: బతుకు మీద ఆశ వదులుకునేంతగా, శక్తికి మించి కుంగిపోయాం అన్నాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఈ అపోహను వల్లించకండి.

అపోహ: దేవుణ్ణి "ఎందుకు" అని అడగడం సణుగుడే

ఓపికకు యోబును ఉదాహరణగా చూపిస్తాం. యాకోబు 5:11 కూడా చూపిస్తుంది. అయితే మనం చెప్పే యోబు మొదటి రెండు అధ్యాయాల్లోనే ఆగిపోతాడు. 3వ అధ్యాయంలో ఆయన తాను పుట్టిన రోజును శపించాడు. ఆ తర్వాత దేవుడితో వ్యాజ్యానికే దిగాడు. చివర్లో దేవుడు యోబును కూడా నిలదీశాడు, నిజమే. అయినా తన గురించి యుక్తంగా పలకలేదని కోప్పడింది మాత్రం చక్కటి సిద్ధాంతాలు అప్పజెప్పిన స్నేహితుల మీద (42:7).

కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాప కీర్తనలే. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు. దాన్నీ ఆరాధన పుస్తకంలో ఉంచారు. ఆరాధనలో మనం పాడుకునేవి దాదాపు అన్నీ జయగీతాలే కావడం నా దృష్టిలో పెద్ద లోటు.

విలాప ప్రార్థన ఎలా చేయాలో తెలియకపోతే ఆరే వచనాలున్న 13వ కీర్తనను పట్టుకోండి. 1, 2 వచనాల్లో ఫిర్యాదు: "ఎంతకాలము" అని నాలుగుసార్లు అడుగుతాడు. మీ సంగతిని పేరు పెట్టి చెప్పండి, "అప్పు", "విడాకులు", "స్కాన్ రిపోర్టు" అని. 3, 4 వచనాల్లో విన్నపం: ఒక్కటే అడగండి, స్పష్టంగా. 5, 6 వచనాల్లో నమ్మకం: ఇంతకుముందు దేవుడు చేసిన మేలును ఒకదాన్ని గుర్తు చేసుకోండి. పది నిమిషాలు చాలు, కాగితం మీద రాస్తే ఇంకా మంచిది. ఇది ఎక్కువగా చెడేది మూడో భాగానికి తొందరపడటం వల్లే. మొదటి రెండు వచనాల దగ్గరే వారం గడిచినా తప్పులేదు.

అపోహ: వాగ్దానం పట్టుకుంటే పని త్వరగా అవుతుంది

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" (ఫిలిప్పీయులకు 4:13) అన్నది పరీక్షలో ర్యాంకు గురించి కాదు. దానికి ముందు వచనం ఆకలిని, లేమిని భరించడం నేర్చుకున్నాను అంటోంది. రాసింది సంకెళ్లలో ఉన్న పౌలు. మంచి భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పిన యిర్మీయా 29:11 కూడా అంతే. అది బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. దాని పైనున్న 10వ వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దల్లో చాలామంది బబులోనులోనే కన్నుమూసి ఉండాలి. మరి వాళ్లకు దేవుడేం చెప్పాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు (29:5-7).

ఎదురుచూపుల లెక్క లేఖనంలోనే ఉంది. వాగ్దానం వినేటప్పటికి అబ్రాహాముకు 75 ఏళ్లు, ఇస్సాకు పుట్టేటప్పటికి 100. మధ్యలో 86 ఏళ్ల వయసులో సొంత ఉపాయంతో ఇష్మాయేలు. కథ మొదట్లో యోసేపుకు 17 ఏళ్లు, ఫరో ముందు నిలబడేటప్పటికి 30. అందులో చివరి రెండేళ్లు ఒక ఉద్యోగి మతిమరుపు వల్ల పోయినవి. కాలేబు 40 ఏళ్ల వయసులో చూసిన నేలను 85లో అడిగి తీసుకున్నాడు.

అపోహ: ఏ హింసనైనా నోరు మూసుకుని భరించడమే క్రైస్తవ ఓర్పు

సౌలు రాజు ఈటె విసిరితే దావీదు తప్పుకున్నాడు, ఆనక కిటికీ గుండా దిగి పారిపోయాడు. పౌలు దమస్కులో గంపలో గోడ దిగాడు. కొరడా దెబ్బలకు కట్టేసినప్పుడు రోమా పౌరసత్వం సంగతి ఎత్తాడు. తన మీద కుట్ర జరుగుతోందని మేనల్లుడు చెబితే "దేవుడే చూసుకుంటాడు" అని ఊరుకోలేదు, వాణ్ణి సహస్రాధిపతి (రోమా సైన్యాధికారి) దగ్గరకు పంపాడు. ఆ రాత్రి పౌలుకు కాపలాగా 470 మంది బయలుదేరారు (అపొస్తలుల కార్యములు 23:23). ఒక పట్టణంలో హింసిస్తే మరో పట్టణానికి పారిపొమ్మన్నది స్వయంగా యేసు (మత్తయి 10:23).

ఒక గీత గీసుకోవచ్చు. క్రీస్తును కాదంటేనే తప్పే బాధ ఒకటి ఉంది. దాన్ని భరించడాన్ని లేఖనం మెచ్చుకుంటుంది. తలుపు దాటి బయటికి వెళ్తే తప్పే బాధ వేరు.

ఇంట్లో భర్త కొడుతున్నాడని ఒక స్త్రీ చెబితే సంఘ పెద్దలు చేయాల్సినవి ఇవి. నమ్మండి. ఒంటరిగా ఉన్నప్పుడు "ఈ రాత్రి ఆ ఇంట్లో క్షేమమేనా?" అని అడగండి. నిజమో కాదో కనుక్కోవడానికి భర్తకు ఫోన్ చేయకండి. రాజీ కోసం ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. అక్కడ ఆమె చెప్పిన ప్రతి మాటకూ ఇంటికెళ్లాక బదులు చెల్లించాల్సి వస్తుంది. గుర్తింపు పత్రాలు, కొంత డబ్బు, మందులు ఒకచోట ఉంచుకోమనండి. వెళ్లగలిగిన చోటు ముందే చూసిపెట్టండి. పోలీసుల దగ్గరకు, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి. క్షమించడం వేరు, మళ్లీ ఒకే కప్పు కింద ఉండటం వేరు.

అపోహ: అలసట అంటే ఆత్మీయంగా పడిపోవడమే

ప్రవక్త ఏలీయా చావు కోరుకున్నప్పుడు (1 రాజులు 19) దేవదూత మొదటి మాట "లేచి భోజనం చెయ్". తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. "ఇక్కడ ఏం చేస్తున్నావు?" అన్న ప్రశ్న వచ్చింది హోరేబు కొండ చేరాకే. కుంగిపోయిన మనిషి వస్తే మేము కూడా ఆ క్రమమే పాటిస్తాం: ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, ఏం తింటున్నారు, ఒంట్లో ఏమైనా తేడా ఉందా. వాక్యం ఆ తర్వాత. రెండు వారాలకు మించి రోజూ దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టరుకు చూపించాలి. చనిపోవాలన్న ఆలోచన ఉంటే ఆ రోజే, మనిషిని ఒంటరిగా వదలకుండా.

అపోహ: బలమైన విశ్వాసి ఎవరి మీదా ఆధారపడడు

అమాలేకీయులతో యుద్ధం జరుగుతుంటే, మోషే చేతులు ఎత్తి ఉంచినంతసేపే ఇశ్రాయేలీయులు గెలిచారు. ఆ చేతులు బరువెక్కితే కింద ఒక రాయి వేశారు. ఆయన కూర్చున్నాడు. అహరోను, హూరు చెరో పక్కన చేతులు పట్టుకుంటే సూర్యాస్తమయం దాకా నిలిచాయి (నిర్గమకాండము 17:12).

సాయం చేసేవారు "ఏదైనా కావాలంటే చెప్పండి" అనకండి. అప్పుడు ఆలోచించే పని కూడా బాధలో ఉన్నవారి నెత్తినే పడుతుంది. "గురువారం ఆస్పత్రికి నేను తోడొస్తాను, ఎన్ని గంటలకు?" అనండి. మరణం జరిగిన ఇంట్లో మొదటి వారం మనుషులు కిక్కిరిసి ఉంటారు, రెండో నెలకు ఫోను కూడా మోగదు. ఆరో వారం, మూడో నెల, ఏడాది తిరిగే తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. వెళ్లినప్పుడు పది, పదిహేను నిమిషాలు చాలు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు.

అపోహ: రోజువారీ పఠనం ఒక్కరోజు తప్పినా మొదటికొచ్చినట్టే

ప్రొటెస్టెంటు బైబిల్లో 1189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు, నాలుగు చదవాలి. మూడు వారాలు దాటేసరికి నిర్గమకాండము 25వ అధ్యాయం వస్తుంది, అంటే ఆరాధన గుడారపు కొలతలు. చాలామంది ఆగేది అక్కడే. ఐదు రోజులు తప్పితే పదహారు అధ్యాయాల బాకీ పడుతుంది. ఆ బాకీ చూసి పుస్తకమే మూసేస్తారు.

కొత్తవారికి నేను చెప్పేది కొత్త నిబంధన. అందులో 260 అధ్యాయాలు, వారానికి ఐదు చొప్పున సరిగ్గా 52 వారాలు. మిగిలిన రెండు రోజులు తప్పినవాటికి. అవీ చాలకపోతే పఠన పట్టికలో ఆ గళ్లను ఖాళీగా వదిలేసి, ఈరోజు తేదీకి ఉన్న అధ్యాయం తెరవండి. వదిలేసినవాటిని కూడబెట్టి ఒకే రాత్రి చదవకండి. అసలు ఏమీ చదవలేని రోజుల్లో మార్కు సువార్తలో ఒక్క సంఘటన చాలు, కూర్చుని చదివితే రెండు నిమిషాలు పడుతుంది.