వరస తేలాకే కవరు తెరవాలి

చిరంజీవులైన పిల్లలకు,

బ్లాక్‌చెయిన్‌లో, అంటే చాలా కంప్యూటర్లు కలిసి రాసే ఉమ్మడి లెక్కల పుస్తకంలో, ప్రతి లావాదేవీ అందరికీ కనిపిస్తుంది కాబట్టి అక్కడ మోసానికి తావు లేదని ఎవరో చెప్పారని రాశారు. జరిగిపోయిన లావాదేవీల వరకైతే ఆ మాట చాలామటుకు నిజమే. ఇంకా జరగని వాటి సంగతి వేరు. మనం పంపిన లావాదేవీ లెక్కల్లోకి ఎక్కేలోపు కొన్ని సెకన్లు దారిలో ఉంటుంది. ఆ కాసేపు అందరి కళ్లా పడటమే దాని కొంప ముంచుతుంది. ఈ ఉత్తరమంతా ఆ కొన్ని సెకన్ల గురించే. కాస్త పొడుగే అవుతుంది, కాగితమూ పెన్సిలూ దగ్గర పెట్టుకోండి.

ఈథీరియం అనే నెట్‌వర్కును తీసుకుందాం. 2015లో మొదలైంది. 2022 సెప్టెంబరు 15 నుంచి అక్కడ లెక్క రాసే పని వాలిడేటర్లది. వాలిడేటర్ కావాలంటే కనీసం 32 ఈథర్లు (ఆ నెట్‌వర్కు సొంత డబ్బు) ధరావత్తు కట్టాలి. అలా కట్టిన వాలిడేటర్లు ఇప్పుడు లక్షల్లో ఉన్నారు. ప్రతి 12 సెకన్లకు లాటరీ పద్ధతిలో ఒక వాలిడేటర్‌కి వంతు వస్తుంది. వంతు వచ్చినవాడు ఒక బ్లాకును, అంటే లావాదేవీల కట్టను, ముందుకు పెడతాడు. మిగతావాళ్లలో కొందరు దాన్ని సరిచూసి ఓటు వేస్తారు. ఒకే వంతులో రెండు వేర్వేరు బ్లాకుల మీద సంతకం పెట్టి దొరికిపోతే ధరావత్తులో కోత పడుతుంది, పైగా నెట్‌వర్కు నుంచి బయటికి పంపేస్తారు.

ఇంత కట్టుదిట్టం చేసినవాళ్లు ఒక్క విషయం మాత్రం వదిలేశారు. కట్టలో ఏ లావాదేవీ ముందుండాలి, ఏది వెనక ఉండాలి? ఆ 12 సెకన్ల మట్టుకు వరస పెట్టేవాడిదే ఇష్టారాజ్యం.

మీరు వాలెట్‌లో, అంటే ఈ డబ్బు పంపుకునే యాప్‌లో, బటన్ నొక్కగానే లావాదేవీ నేరుగా బ్లాకులోకి పోదు. ముందు మెంపూల్‌లో పడుతుంది. వంతు కోసం ఎదురుచూసే లావాదేవీలన్నీ ఉండే చోటది. ఎవరు పంపారు, ఏం కొంటున్నారు, ఎంతకి, అన్నీ అందులో బట్టబయలుగా ఉంటాయి. రాత్రీ పగలూ దాన్నే కాపలా కాసే బాట్లు, అంటే మనిషి లేకుండా తమంతట తామే నడిచే ప్రోగ్రాములు, ఉన్నాయి. అవి ఏం చేస్తాయో మాటల్లో చెప్తే నమ్మబుద్ధి కాదు, లెక్క చేసి చూద్దాం.

ఒక మార్పిడి కేంద్రంలో 1000 ఎర్ర టోకెన్లు, 1000 నీలం టోకెన్లు ఉన్నాయనుకోండి. అక్కడ మనిషెవరూ ఉండరు, ఒక సూత్రం ఉంటుంది: ఎర్రవాటి సంఖ్యని నీలంవాటి సంఖ్యతో గుణిస్తే ఎప్పుడూ 10,00,000 రావాలి. మీరు 100 ఎర్రవి వేశారు. ఎర్రవి 1100 అయ్యాయి, కాబట్టి నీలంవి 909.1 మిగలాలి. మిగతా 90.9 మీ చేతికొస్తాయి. ఫీజుల సంగతి పక్కన పెట్టాను.

ఇప్పుడు బాట్ రంగంలోకి దిగింది. మెంపూల్‌లో మీ లావాదేవీని చూసి, మీకన్నా ముందు తాను 100 ఎర్రవి వేసి 90.9 నీలంవి తీసుకుంది. తర్వాత మీ వంతు. మీ 100తో ఎర్రవి 1200 అవుతాయి, నీలంవి 833.3 మిగలాలి. అంటే మీకు వచ్చింది 75.8. మీ వెనకాలే బాట్ మళ్లీ వచ్చి తన 90.9 నీలంవి తిరిగి ఇచ్చేసి ఎర్రవి అడిగింది. చేసి చూడండి, 118 వస్తాయి. వంద పెట్టి ఎక్కింది, నూట పద్దెనిమిదితో దిగింది. మీకు ముందు ఒకటి, వెనక ఒకటి ఉంటాయి కాబట్టి దీన్ని శాండ్‌విచ్ అంటారు. దొంగతనానికి తినుబండారం పేరు పెట్టినవాళ్లని ఏమనాలో నాకు తెలీదు.

దీనికి అడ్డుకట్టగా స్లిపేజీ అని ఒక గడి ఉంటుంది. అనుకున్నదానికంటే ఇంతకు మించి తక్కువ వస్తే లావాదేవీ వద్దు అని అందులో చెప్పుకోవచ్చు. ఆ హద్దు పెట్టుకుంటే దోపిడీ తగ్గుతుంది కానీ పోదు, బాట్ సరిగ్గా హద్దు దాకా లాగి ఆగుతుంది. హద్దే లేకపోతే ఏమవుతుందో 2025 మార్చిలో చూశాం. ఒకాయన సుమారు 2,20,000 డాలర్ల విలువైన ఒక రకం డాలర్ టోకెన్లు ఇచ్చి ఇంకో రకం డాలర్ టోకెన్లు తీసుకోబోయాడు. డాలరుకి డాలరు రావాల్సిన చోట చేతికొచ్చింది 5,300 కూడా లేదు. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, కొట్టేసిన బాట్‌కి మిగిలింది అందులో కొద్దిగానే. సుమారు 2,00,000 డాలర్లు బ్లాకు కట్టినవాడికి, నన్ను ముందు పెట్టినందుకు అని ఇచ్చుకుంది. (మీరెవరూ టోకెన్లు కొనాలని కాదు నేనిదంతా రాస్తున్నది. కొన్నవాళ్ల లాభంలో 30 శాతం పన్ను 2022 నుంచీ మన ప్రభుత్వానిది, అది మీ నాన్నల తలనొప్పి.)

ఆ రెండు లక్షలు ఎటు పోయాయో గమనించారా? అసలు కిటుకు అక్కడే ఉంది. ఈ రోజుల్లో చాలామంది వాలిడేటర్లు బ్లాకు తామే కట్టరు. బిల్డర్లని వేరే ఉంటారు. వాళ్లు లాభసాటిగా వరస పేర్చి వేలం పాడతారు, ఎక్కువ పాడినవాడి బ్లాకుకి వాలిడేటర్ సంతకం పెడతాడు. అంటే వరసకి ఒక ధర ఉంది, రోజూ దానికి సంత జరుగుతుంది. 2019లో కార్నెల్ టెక్ పరిశోధకులు మరికొందరితో కలిసి ఒక పేపరులో దీనికి ఎం.ఈ.వీ. అని పేరు పెట్టారు. వరస చేతిలో ఉన్నవాడు పిండుకోగలిగే సొమ్ము అని దాని తాత్పర్యం.

మరి మెంపూల్‌లో వెయ్యకుండా గుట్టుగా నేరుగా బిల్డరుకే పంపితే? పంపొచ్చు, చాలా వాలెట్లు ఆ సౌకర్యం ఇస్తున్నాయి, బాగానే పనిచేస్తోంది కూడా. కాకపోతే ఆ బిల్డరు చూస్తాడు. ఆయన మంచివాడని నమ్మడం తప్ప మన చేతిలో ఏమీ లేదు. ఎవరినీ నమ్మక్కర్లేదని మొదలుపెట్టిన వ్యవస్థలో ఇది కొంచెం నవ్వొచ్చే పరిష్కారం.

నమ్మకం ఎక్కడ తెగుతుందో చెప్పే కేసు ఒకటి 2023 ఏప్రిల్‌లో జరిగింది. ఈసారి దెబ్బ తిన్నవి శాండ్‌విచ్ బాట్లే. బిల్డరుకీ వాలిడేటర్‌కీ మధ్య రిలే అనే మధ్యవర్తి ఉంటాడు. వాలిడేటర్ సంతకం పెట్టేదాకా బ్లాకు లోపల ఏముందో చూపించకుండా దాచడం అతని పని. ఆ రిలే ప్రోగ్రాములో ఒక లోపం ఉంది. చెల్లని సంతకం పంపినా లోపలి సరుకు బయటపెట్టేసింది. అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు దాన్ని వాడుకుని, బాట్లు వేసిన ఎత్తు చూసి, వరస తిరగేసి సుమారు 2.5 కోట్ల డాలర్లు తీసుకున్నారన్నది అక్కడి ప్రాసిక్యూటర్ల అభియోగం. 2024 మేలో కేసు పెట్టారు. 2025 నవంబరులో జ్యూరీ ఒక మాట మీదికి రాలేక ఆ విచారణ తీర్పు లేకుండానే ముగిసింది. వరస మార్చుకోవడం నేరమా, ఆ ఆటలో మామూలు ఎత్తుగడా అన్నది జ్యూరీలోని పన్నెండుమంది పెద్దలకే తేలలేదు, ఇక మనమెంత!

నేను ఇరిగేషన్‌లో పనిచేసిన రోజుల్లో టెండర్లు సీల్డ్ కవర్లలో వచ్చేవి. గడువు దాటేదాకా పెట్టె తాళం తియ్యరు. తీసేటప్పుడు కాంట్రాక్టర్లు ఎదురుగా కూర్చుని ఉంటారు. ఒకడి రేటు ముందే బయటికి పొక్కిందా, ఇంకొకడు పైసల్లో తగ్గించి కోట్ చేసి పని ఎగరేసుకుపోతాడు. అందుకే గడువు ముగియడం ముందు, కవరు చించడం తర్వాత. మెంపూల్‌కి కావలసింది కూడా అచ్చంగా ఇదే: ముందు వరస ఖాయం కావాలి, ఆ తర్వాతే లోపల ఏముందో ఎవరికైనా కనిపించాలి. అప్పుడు బాట్‌కి ఎవరి ముందు దూరాలో తెలియదు.

కవరు అంటే ఎన్‌క్రిప్షన్. లావాదేవీని గజిబిజి అంకెలుగా మార్చి పంపడం కష్టం కాదు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నదే చిక్కు.

పంపినవాడి దగ్గరే ఉంచితే? వరస ఖాయమయ్యాక అతనే వచ్చి తెరుస్తాడు. కానీ ఈలోపు ధర అటూ ఇటూ అయితే తెరవడు, ముఖం చాటేస్తాడు. నచ్చితే తెరుస్తా లేకపోతే లేదు అనే వెసులుబాటు ఒకడికి దొరికితే దాన్నీ వ్యాపారంగా మార్చేస్తాడు. పోనీ నమ్మకస్తుడు ఒకడి చేతికిస్తే? అతను చూస్తాడు, లేదా అతని కంప్యూటరు ఆగిపోతుంది. రెండూ కాదంటే తాళంచెవిని ముక్కలు చేసి పదిమందికి పంచాలి.

ముక్కలు చెయ్యడం ఎలాగో ఇజ్రాయెల్‌కి చెందిన ఆది షమీర్ 1979లో రెండే పేజీల పేపరులో చెప్పాడు. అంత చిన్న పేపరులో అంత పెద్ద ఆలోచన నేను ఇంకెక్కడా చూడలేదు. మీ క్లాసు లెక్కలతోనే అర్థమైపోతుంది.

దాచాల్సిన రహస్యం 7 అనుకోండి. గ్రాఫు మీద x సున్నా దగ్గర ఎత్తు 7 ఉండేలా ఒక సరళరేఖ గియ్యండి. అడుగుకి 3 చొప్పున పెరగనివ్వండి. 1 దగ్గర ఎత్తు 10, 2 దగ్గర 13, 3 దగ్గర 16. ఈ మూడు బిందువులూ ముగ్గురికి పంచండి. మొదటివాడూ మూడోవాడూ కలిశారు: 10, 16. రెండడుగులకి 6 పెరిగింది, అంటే అడుగుకి 3. ఒకడుగు వెనక్కి వేస్తే 7, రహస్యం బయటపడింది. ఏ ఇద్దరు కలిసినా అదే జవాబు. ఒక్కడు ఉంటే? అతని ఒక్క బిందువు గుండా ఎన్ని గీతలైనా గియ్యొచ్చు, ఒక్కో గీత సున్నా దగ్గర ఒక్కో ఎత్తు చూపిస్తుంది. సగం రహస్యం తెలియడం కాదు, ఏమీ తెలియకపోవడం. (అసలు వాడకంలో మామూలు అంకెలు కాదు, ఒక పేద్ద ప్రధాన సంఖ్యతో భాగించగా వచ్చే శేషాలతో చేస్తారు. లేకపోతే ఊహించే వీలు కాస్త మిగులుతుంది.)

ఇక్కడ 7 అని ముందే ఎంచుకున్నది నేను, కాబట్టి నాకు తెలుసు. అదే లోపం. నెట్‌వర్కులో ఆ ఒక్కడు కూడా ఉండకూడదు. అందుకని ప్రతి సభ్యుడూ తనకు తోచిన గీత రహస్యంగా గీసుకుని, దాని మీది బిందువులు మిగతావాళ్లకి పంచుతాడు. తనకి అందినవన్నీ కూడుకుంటే ఎవరి ముక్క వాళ్లకి వస్తుంది. అన్ని గీతల మొత్తం ఒక కొత్త గీత, దాన్ని ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. తాళం వెయ్యడానికి కావలసిన పబ్లిక్ కీ మాత్రం బాహాటంగా ఉంటుంది, ఎవరైనా వేసుకోవచ్చు.

ఇది మనకి మరీ కొత్తేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ తయారుచేసిన ఈ-టెండర్ల సిస్టమ్‌లో బిడ్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. తెరవడానికి నలుగురు అధికారుల్ని పెట్టి, వాళ్లలో ఏ ఇద్దరి డిజిటల్ కీలు పడినా తెరుచుకునేలా పెట్టుకోవచ్చు. ఒకాయన సెలవు పెడితే పని ఆగదు, ఒకాయన ఒక్కడే తెరవలేడు.

బ్లాక్‌చెయిన్‌లో దీన్ని నిజంగా నడుపుతున్న చోటు గ్నోసిస్ చెయిన్. ఈథీరియం లాంటిదే, బ్లాకు 5 సెకన్లకొకటి. 2024లో అక్కడ షటర్ అనే ఏర్పాటు మొదలైంది. ముక్కలు పట్టుకునేవాళ్లని కీపర్లు అంటారు. మీరు తాళం వేసి పంపిన లావాదేవీ వరసలో నమోదవుతుంది. ఈ పద్ధతికి పేరు నమోదు చేసుకున్న వాలిడేటర్ వంతు రాగానే కీపర్లు తమ ముక్కలు విడుదల చేస్తారు. వాలిడేటర్ తెరిచి, ఉన్న వరసలోనే బ్లాకులో పెట్టాలి. పేరు నమోదు చేసుకోని వాలిడేటర్ వంతు వస్తే మీరు ఆగాల్సిందే. భద్రతకి బదులుగా ఆలస్యం. ఈథీరియం అసలు నెట్‌వర్కులో ఇది ఇంకా ప్రతిపాదనలు, చర్చల దశలోనే ఉంది.

నాకు దీని మీద గౌరవం ఉంది, పూర్తి భరోసా లేదు. వాలిడేటర్ రెండు సంతకాలు పెడితే ఆ సంతకాలే సాక్ష్యం, ధరావత్తుకి కోత వేయవచ్చు. కీపర్లలో సరిపడామంది ఒక గదిలో కూడబలుక్కుని ముక్కలు కలిపి ముందే చదివేసుకుంటే? ఎక్కడా ఆనవాలు ఉండదు. శిక్షించాలంటే ముందు దొరకాలి కదా. టెండరు కవరైతే కనీసం చిరిగినట్టు కనిపించేది. కూడబలుక్కోవడం కష్టం చెయ్యాలని ఎక్కువ ముక్కలు కావాలని నియమం పెట్టామనుకోండి, పదిమందిలో ఏడుగురు కావాలంటే నాలుగు కంప్యూటర్లు పడుకున్న రోజు ఒక్క కవరూ తెరుచుకోదు. ఎంత పెట్టాలన్నది గణితం చెప్పదు, మనుషుల్ని ఎంత నమ్ముతామన్నదే చెప్పాలి.

చిన్న చిక్కులూ ఉన్నాయి. లోపలి రాత కనిపించకపోయినా కవరు ఎంత లావుందో, ఎవరు ఫీజు కట్టారో కనిపిస్తే తెలివైనవాడు ఊహిస్తాడు. లోపల ఏముందో తెలియదు కాబట్టి చెత్త నింపి పంపేవాళ్లని ఆపడానికి ఫీజు ముందే పట్టుకోవాలి. తెరిచాక ఆ బ్లాకు ఏ కారణం చేతనో నెట్‌వర్కులో నిలబడకపోతే, తెరిచిన కవర్లన్నీ మళ్లీ నడిబజార్లో పడతాయి. వీటి మీద చాలామంది బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. మీరు పెద్దయ్యేదాకా పని మిగిలే ఉంటుంది.

సరే, ఇప్పుడు మీ పని. ఏ ఇద్దరో కాదు, ముగ్గురు కలిస్తేనే తెరుచుకోవాలంటే సరళరేఖ చాలదు, x వర్గం ఉన్న వక్రరేఖ కావాలి. ముగ్గురికి మూడు ముక్కలు ఇస్తున్నాను: x ఒకటి అయితే ఎత్తు 6, రెండు అయితే 11, మూడు అయితే 18. సున్నా దగ్గర ఏముంది? జవాబొక్కటే ఫోన్‌లో చెప్తే ఒప్పుకోను, చేసిన లెక్కంతా రాసి పంపండి. చిన్నదాన్ని కూడా కూర్చోబెట్టుకోండి. దానికి వర్గాలు ఇంకా రాకపోయినా, 6 నుంచి 11కి ఎంత, 11 నుంచి 18కి ఎంత అని తేడాలు తీయమంటే వెనక్కి లెక్కపెట్టి మీకన్నా ముందే చెప్పేస్తుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య