గడ్డిలో పొద్దంతా ఎందుకు తిరిగాం

పిల్లలందరికీ తాత రాసేది.

మొన్న సాలీళ్ళను వెతికి పట్టడానికి వెళ్ళి పాకాల అడవి నుంచి తిరిగొస్తుంటే ట్రాక్టర్‌లో మీలో ఒకరు అడిగారు: "అడవి అంత దగ్గరుంటే పొద్దంతా గుట్ట కింద గడ్డిలనే ఎందుకు తిప్పినవు తాతా?" ఆ ఇంజన్ చప్పుడులో చెప్పేంత చిన్న జవాబు కాదది. సాలీళ్ళను సీసాలో వేసి ఎందుకు చంపామని ఇంకొకరు కళ్ళనీళ్ళతో అడిగారు. ఆ ప్రశ్న నాకు ఇంకా పెద్దది. రెండింటికీ ఇక్కడే చెబుతాను.

మన కంచెను, అంటే గుట్ట కింది ఆ గడ్డిభూమిని, కాగితాల్లో బంజరు అని రాస్తారు. చెట్లు లేవు గనుక అక్కడ ఏమీ లేదని పెద్దవాళ్ళే అనుకుంటారు. కానీ గుడ్డసంచి వలను గడ్డి మీద అటూ ఇటూ ఊపి తెల్ల దుప్పటి మీద దులిపినప్పుడు ఏం రాలాయో మీరు కళ్ళారా చూశారు. బతుకమ్మ రోజుల్లోనే వెళ్దామని నేను పట్టుబట్టింది కూడా ఇందుకే. వానలు పడ్డాక గడ్డితోపాటే పురుగులు పెరుగుతాయి, వాటిని తిని సాలీళ్ళు పెరుగుతాయి. గునుగు పూసే నాటికి చాలా రకాలు పెద్దవై గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉంటాయి. ఎండాకాలం వస్తే గడ్డి ఎండిపోతుంది, ఒక్కోసారి కాలిపోతుంది. గడ్డిలో బతికేవాటికి వ్యవధి తక్కువ.

గునుగు కంకి మీద కాపు కాసిన పచ్చటి సాలీడు గుర్తుందా, కాళ్ళ నిండా ముళ్ళలాంటి వెంట్రుకలు? అది ఆక్సియోపిడే కుటుంబానిది. వేటకు గూడు కట్టదు. ఈగ దగ్గరికి వస్తే ఒక్క దూకుతో అందుకుంటుంది. తంగేడు పూలలో కదలకుండా కూర్చున్నది ఎండ్రకాయలా పక్కకు నడిచే రకం. వీటిలో కొన్ని తెలుపు నుంచి పసుపుకు రంగు మార్చుకోగలవు, దానికి కొన్ని రోజులు పడుతుంది. నేల మీద పరుగెత్తే తోడేలు సాలీడు తన గుడ్ల సంచిని వెనకాల తగిలించుకుని తిరుగుతుంది, పిల్లలు బయటికొచ్చాక వీపు మీద మోస్తుంది. అలా పిల్లల్ని మోస్తున్నదాన్ని పట్టొద్దని మీరే చెప్పారు, నాకు చాలా సంతోషమైంది. ఇక గూడు మధ్యలో తెల్లని దారంతో ఇంటూ గుర్తు వేసుకుని తలకిందులుగా కూర్చునేది ఆర్జియోపి. ఆ గీతలు ఎందుకన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పురుగుల్ని ఆకర్షించడానికని కొందరు, పక్షులు గూట్లో పడి దాన్ని చింపకుండా ఉండడానికని కొందరు.

ఒక మాట మధ్యలో. తొలకరికి మీరు అగ్గిపెట్టెలో వేసుకుని తిరిగే ఎర్ర మఖమల్ ఆరుద్ర పురుగు సాలీడు కాదు గానీ దాని చుట్టమే. ఈసారి కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. చీమకూ ఈగకూ ఆరే.

పొద్దు వాలుతుండగా పాకాల అడవి అంచుకు చేరాం. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో తవ్వించిన చెరువు చుట్టూ ఉన్న అడవి అది, ఇప్పుడు అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏ ప్రాణినీ తీసుకురాకూడదు. నా దగ్గర కాగితం ఉన్నా అక్కడ చూడడానికే ఎక్కువ సమయం పెట్టించాను. నల్లమద్ది బెరడు మీద చెయ్యి పెట్టబోయేదాకా మీలో ఎవరికీ కనిపించనిది హెర్సీలియా అనే సాలీడు. దాని వెనక రెండు తోకల్లా కనిపించేవి దారం తీసే అవయవాలు. పురుగు దొరకగానే దాని చుట్టూ గిరగిరా తిరుగుతూ దారంతో బెరడుకు కట్టేస్తుంది. దారికి అడ్డంగా బంగారు రంగు దారంతో పెద్ద గూడు కట్టింది నెఫిలా ఆడది. అదే గూట్లో ఓ మూలన ఉన్న చిన్నదాన్ని మీరు దాని పిల్ల అనుకున్నారు, అది మగది. రాలిన టేకాకుల్ని జల్లెడ పడితే రెండు మిల్లీమీటర్లు కూడా లేని, ఆరే కళ్ళున్న రకం వచ్చింది. చాలా సాలీళ్ళకు ఎనిమిది కళ్ళుంటాయి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. బెరడు మీద బతికేదానికి ఏళ్ళ తరబడి నిలిచే చెట్టు కావాలి. నెఫిలాకు దారం లాగి కట్టడానికి రెండు మానుల మధ్య ఖాళీ కావాలి. ఆకుల కింది బుల్లి సాలీడుకు ఆరని తడి కావాలి. కంచెలో ఇవేవీ లేవు, అక్కడున్నది ఎండ, పూత, గడ్డిపోచలు. అందుకే నడిచి చేరుకునేంత దూరంలోనే పూర్తిగా వేరే జనాభా. అడవి ఒక్కటే చూస్తే మన ఊరి సాలీళ్ళలో సగం మనకు తెలియకుండా పోతాయి.

కంచెకూ అడవికీ నడుమ రేగు పొదల్లో దుమ్ముపట్టిన బూజు ముద్దలా ఉన్నది మాత్రం నాకు అన్నిటికన్నా ప్రియమైనది. స్టెగోడైఫస్ సరసినోరమ్ దాని పేరు. సాలీళ్ళు ఎక్కువగా ఒంటరివి. ఇవి మాత్రం వందల్లో కలిసి ఒకే గూట్లో ఉంటాయి, పెద్ద మిడత పడితే కలిసి లాగి కలిసి తింటాయి. తల్లులు తాము తిన్నదాన్ని కక్కి పిల్లలకు పెడతాయి, చివరికి తమ శరీరాన్నే వాటికి తిండిగా ఇచ్చేస్తాయి. పొదలు నరికి మంట పెట్టేటప్పుడు ఆ బూజు ముద్దలో ఏముందో ఇంట్లోవాళ్ళకు మీరు చెప్పండి.

ఇక చంపడం సంగతి. ప్రపంచంలో గుర్తించిన సాలీళ్ళ జాతులు 2022లో 50,000 దాటాయి. చాలావాటిని రంగు చూసి చెప్పలేం. ఎదిగిన ఆడదాని పొట్ట కింది భాగం, మగదాని ముఖం ముందుండే చిన్న అవయవాల చివర్లు మైక్రోస్కోప్ కింద చూస్తేనే జాతి తేలుతుంది. ఎదగనివి పట్టుకెళ్ళినా ఉపయోగం లేదు, అందుకే వాటిని వదిలేయించాను. ఫోటోతో తేలేవాటికి ఫోటోతో సరిపెట్టాం. తప్పనివాటినే 70 శాతం ఆల్కహాల్‌లో వేశాం. మీకు బాధ కలిగిందంటే కలగనివ్వండి, నాకూ కలుగుతుంది. ఆ బాధ ఉన్నవాళ్ళే అవసరానికి మించి పట్టరు.

పట్టినదానికి విలువ తెచ్చేది సీసాలోని చీటీ. ఏ రోజు, ఏ ఊరు, గడ్డిలోనా బెరడు మీదనా, ఎలా దొరికింది, ఎవరు పట్టారు అన్నవి లేకపోతే ఆ ప్రాణాన్ని ఊరికే తీసినట్టే. రేపు కంచెను దున్ని ప్లాట్లు చేస్తామంటే, ఇక్కడ ఫలానావి బతుకుతున్నాయని చూపించడానికి మన దగ్గరుండేది ఆ చీటీలే. ఆ కంచె మన చేలకూ కావాలి. సాలీడు పిల్లలు గడ్డి కొస మీదికెక్కి, సన్నటి దారం గాలికి వదిలి, దానితోపాటు ఎగిరిపోతాయి. వాటిలో కొన్ని మన పత్తిచేలల్లో దిగి పచ్చదోమను, తెల్లదోమను తింటాయి. మందు కొట్టిన చేనులో సాలీళ్ళు కూడా చస్తాయి, మళ్ళీ రావాలంటే పక్కన ఆ గడ్డి ఉండాలి. మీ నాన్నలతో ఈ ఒక్క సంగతి తప్పక మాట్లాడండి.

శనివారం సాయంత్రం బడి వరండాలో చీటీలు పూర్తిచేద్దాం. పెన్సిళ్ళు తెచ్చుకోండి. బాల్ పెన్ వద్దు, ఆ సిరా ఆల్కహాల్‌లో కరిగి అక్షరాలు పోతాయి. రేగు పొద దగ్గర నోటుబుక్కులో రాసుకున్నవాళ్ళు అది తేవడం మరవకండి, ఆ సీసాల చీటీల్లో దొరికిన చోటు ఇంకా రాయలేదు.

మీ తాత