ఉక్కు వాదన వెనుక అర్థశాస్త్రం: పోహాంగ్ నుంచి విశాఖ దాకా

విశాఖ ఉక్కు కర్మాగారాన్ని పూర్తిగా ప్రైవేటుపరం చేయడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఆమోదించింది. ఆ తరువాత కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది. వ్యాపారం ప్రభుత్వం పని కాదని ఒక పక్షం, ఇది ప్రాణాలిచ్చి సాధించుకున్న ఆస్తి అని మరో పక్షం వాదిస్తున్నాయి. సరిగ్గా ఇదే కాలంలో, ప్రభుత్వం ఒక పరిశ్రమను పెంచవచ్చా అన్న ప్రశ్న మీద అర్థశాస్త్రవేత్తల ఆలోచన చాలా దూరం జరిగింది. ఆ సంగతి మన వాదనల్లో దాదాపు వినిపించడం లేదు.

ప్రశ్న పాతదే. పసి పరిశ్రమలకు కొంతకాలం రక్షణ అవసరమని అమెరికా తొలి ఆర్థిక మంత్రి హామిల్టన్ 1791లోనే వాదించాడు. స్వాతంత్ర్యం తరువాత మన రెండవ పంచవర్ష ప్రణాళిక భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసింది. ఆ ప్రణాళికను పరిశీలించిన అర్థశాస్త్రవేత్తల బృందంలో బి.ఆర్. షెనాయ్ ఒక్కరే ప్రభుత్వ నియంత్రణల విస్తరణను వ్యతిరేకిస్తూ 1955లో అసమ్మతి పత్రం రాశారు. 1970ల నాటికి గాలి ఆయన వైపు మళ్లింది. లైసెన్సుల కోసం జరిగే పైరవీల వల్ల సమాజానికి ఎంత నష్టమో అర్థశాస్త్రవేత్త యాన్ క్రూగర్ 1974లో లెక్కగట్టారు. 1964లో భారతదేశంలో అలాంటి లైసెన్సుల వల్ల దక్కే అదనపు లాభం విలువ జాతీయాదాయంలో 7.3 శాతమని ఆమె అంచనా. లైసెన్సు రాజ్యాన్ని ఎరిగిన వారెవరూ ఆ విమర్శను తేలిగ్గా తీసిపారేయలేరు.

విశాఖ కర్మాగారం ఈ రెండు కాలాల మధ్య నలిగింది. విశాఖలో ఉక్కు కర్మాగారం కావాలంటూ 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి. ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. మరుసటి జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడి నుంచి పని నత్తనడక నడిచింది. దాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది 1982లో, ‘గోదావరి’ అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో, కర్మాగారం జాతికి అంకితమైంది 1992లో.

అదే 1970 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలోని పోహాంగ్ సముద్రతీరంలో ఒక ఉక్కు కర్మాగారానికి పనులు మొదలయ్యాయి. ఆ పథకం గిట్టుబాటు కాదని ప్రపంచ బ్యాంకు పెదవి విరిచింది. పాశ్చాత్య సంస్థల కూటమి ఇస్తానన్న అప్పు రాలేదు. జపాన్ పరిహారంగా ఇచ్చిన సొమ్మును దానికి మళ్లించారు. 1973 జూలైలో మొదటి దశ పూర్తయింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. వాళ్లకు మూడేళ్లు పట్టిన చోట మనకు ఇరవై దాటాయి. ఆ జాప్యంతో నిర్మాణ వ్యయం పెరిగి, వడ్డీ పేరుకుని, కర్మాగారం పుట్టుకతోనే అప్పుల్లో పడింది.

కొరియా అనుభవాన్నే అర్థశాస్త్రవేత్త నేథన్ లేన్ కొత్త పద్ధతులతో పరిశీలించారు. 1973 తరువాత ప్రభుత్వం ఎంచుకుని ప్రోత్సహించిన భారీ పరిశ్రమలు మిగతావాటికన్నా వేగంగా ఎదిగాయని, ఆ మేలు వాటి సరుకు కొనే పరిశ్రమలకు కూడా అందిందని ఆయన తేల్చారు. ఉక్కులాంటి మూల సరుకుల తయారీకి ఇచ్చే ఊతం మొత్తం ఆర్థిక వ్యవస్థకు ఎందుకు మేలు చేయగలదో ఎర్నెస్ట్ లియూ 2019లో సిద్ధాంతపరంగా చూపారు. అయితే రక్షణ పొందిన ప్రతి పరిశ్రమా బాగుపడదు. టర్కీలో ఎక్కువ రక్షణ పొందిన పరిశ్రమల ఉత్పాదకత మిగతావాటికన్నా వేగంగా పెరగలేదని క్రూగర్, టుంజెర్ 1982లోనే చూపారు. రేకా యూహాస్, లేన్, డానీ రోడ్రిక్ ఇటీవల రాసిన సమీక్ష చదివితే, ప్రభుత్వం జోక్యం చేసుకోవాలా వద్దా అన్న దానికన్నా ఏ షరతుతో, ఎంత సామర్థ్యంతో చేసుకుంటుందన్నదే అసలు ప్రశ్న అనిపిస్తుంది.

ఈ కళ్లతో చూస్తే, సొంత ఇనుప ఖనిజం గనులు లేకపోవడమే విశాఖ నష్టాలకు కారణమన్న వాదన కూడా కొంత మారుతుంది. పోహాంగ్‌కు సొంత గనులు లేవు, ఖనిజం విదేశాల నుంచి వచ్చింది. కాబట్టి గనులు లేకపోవడం ఒక్కటే ఓటమికి కారణం కాదు. కానీ విశాఖ పోటీ పడవలసింది సొంత గనులున్న దేశీయ కంపెనీలతో. వాటికి ఖనిజం తవ్వకపు ఖర్చుకు దగ్గరగా దొరుకుతుంటే, విశాఖ దాన్ని మార్కెట్ ధరకు కొంటుంది. ఆ తేడాను పక్కనబెట్టి కార్మికుల సామర్థ్యాన్ని తూచడం న్యాయం కాదని నా అభిప్రాయం. పోహాంగ్ కర్మాగారాన్ని నడిపే పోస్కోలో ప్రభుత్వ వాటా 2000 నాటికి పూర్తిగా అమ్ముడైందన్నది ప్రైవేటీకరణ కోరేవారు చెప్పే మాట, అది నిజమే. కానీ అప్పటికి ఆ సంస్థ ప్రపంచంలోని అగ్రశ్రేణి ఉక్కు ఉత్పత్తిదారుల్లో ఒకటి.

2025 జనవరిలో కేంద్రం విశాఖ ఉక్కుకు 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. దానితో లాభనష్టాల పట్టిక కొంత మారవచ్చు. గాజువాక చుట్టూ ఈ ఉక్కును నమ్ముకుని బతికే చిన్న వర్క్‌షాపుల లెక్క మాత్రం ఆ పట్టికలో ఉండదు. భూములిచ్చిన నిర్వాసితుల లెక్కా ఉండదు. అగనంపూడి కాలనీలో ఒక పెద్దాయన, నిర్వాసితులకు ఇచ్చిన తన ఆర్-కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం డబ్బా వెనుక దాచుకున్నారు. ఇంటికొక ఉద్యోగమన్న మాటకు ఆయన దగ్గరున్న రుజువు ఆ కార్డు ఒక్కటే. దాని మడతల దగ్గర అక్షరాలు ఇప్పటికే చెరిగిపోయాయి.