చేపు

బెంగళూరులో మా చెల్లెలికి కాన్పయిన రెండో రాత్రి. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. మదనపల్లె నుంచి వచ్చిన పెద్దమ్మ, "దీనికి ఇంకా పాలు పడలేదు, డబ్బా పాలు కలపండి" అంది. చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నిజానికి పాలు అప్పటికే ఉన్నాయి. ఐదో నెల దగ్గర్లోనే రొమ్ములో ముర్రుపాలు తయారవడం మొదలవుతుంది. కానీ మాయ నుంచి వచ్చే ప్రొజెస్టరాన్ అనే హార్మోను అవి ఎక్కువ కాకుండా ఆపి ఉంచుతుంది. కాన్పయి మాయ పడిపోయాక ఆ హార్మోను తగ్గిపోతుంది. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోను అప్పటిదాకా అణిగి ఉండి, ఇప్పుడు పని అందుకుంటుంది. పాలు బాగా పడటానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. మాయ ముక్క లోపల మిగిలిపోతే పాలు పడకపోవచ్చు కూడా. ఆ ముక్క ఉన్నంతకాలం ఒంటికి కాన్పు పూర్తయినట్టు తెలియదు.

మొదటి రోజు ముర్రుపాలు మొత్తం కలిపినా కొన్ని చెంచాలే. పుట్టిన బిడ్డ పొట్టకు అంతే చాలు.

ఇక మన పల్లెల్లో పశువుల దగ్గర వినే మాట ఒకటుంది: చేపు. దూడను వదిలితే ఆవు చేపుతుంది, అంటే పాలు దించుతుంది. కొత్తమనిషి పాలు పితకబోతే ఎగచేపుతుంది, పొదుగు నిండా పాలున్నా వదలదు. తల్లుల విషయంలోనూ జరిగేది ఇదే. పాలు తయారవడం ఒక పని, బయటికి రావడం ఇంకో పని. బిడ్డ చప్పరించగానే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై, పాల తిత్తుల చుట్టూ ఉన్న సన్నని కండరాలను బిగిస్తుంది. అప్పుడు పాలు చేపుకొస్తాయి. నొప్పి, భయం, టెన్షన్ ఈ ఆక్సిటోసిన్‌ను అడ్డుకుంటాయి. పాలు లేవని చుట్టూ నలుగురు అంటుంటే, ఉన్న పాలు కూడా బయటికి రాకుండా ఆగిపోవచ్చు. మా చెల్లెలి దగ్గర ఆ రాత్రి జరిగింది అదేనని నా నమ్మకం.

డబ్బా పాలతో ఇంకో చిక్కుంది. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత త్వరగా నిండుతుంది. నిండి ఉంటే తయారీ నెమ్మదిస్తుంది. బిడ్డ కడుపు సీసాతో నిండితే, తల్లి ఒంటికి పాలు అక్కర్లేదన్న కబురే అందుతుంది. పాలు పడాలని తెలగపిండి కూర, వెల్లుల్లి కారం పెడతారు. బాలింతకు తిండి కావాలి, తప్పకుండా పెట్టండి. కానీ బిడ్డను మాటిమాటికీ, ముఖ్యంగా రాత్రిళ్ళు రొమ్ముకు పట్టించడాన్ని మించింది లేదు. రాత్రిపూట ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంటుంది.

నిజంగా పాలు చాలని తల్లులూ ఉంటారు. థైరాయిడ్ లోపం, కాన్పులో విపరీతమైన రక్తస్రావం వంటివి కారణం కావచ్చు. అది వాళ్ళ తప్పు కాదు. ఐదో రోజు తర్వాత బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయకపోయినా, రెండు వారాలకు పుట్టినప్పటి బరువు అందుకోకపోయినా డాక్టరుకు చూపించాలి. అప్పుడు డబ్బా పాలు అవసరమైతే పట్టడంలో తప్పేమీ లేదు.

మా చెల్లెలికి నాలుగో రోజు పాలు పడ్డాయి. ఆరు నెలలయ్యాక మారతహళ్ళిలో ఆఫీసుకు వెళ్ళింది. పంపు పెట్టుకుంటే మొదట చుక్క రాలేదు. ఫోన్‌లో పాప వీడియో చూస్తే వచ్చాయట. ఒక సాయంత్రం బస్సులో వెనక సీట్లో ఎవరి బిడ్డో ఏడ్చింది. ఆ ఏడుపు విన్న క్షణంలోనే తనకు చేపు వచ్చి, కుర్తా ముందంతా తడిసింది.